బమ్మెర పొలాల్లో కపిలుడి యోగం

వరంగల్ నుంచి వర్ధన్నపేట మీదుగా బమ్మెర చేరాం, నేనూ చిన్నాయనా. పోతన ఊరిది. ఒంటిమిట్ట వాళ్లూ మావాడేనంటారు గానీ, ఆ తగువు ఇక్కడ ఎత్తితే మంచినీళ్లు పుట్టవు.

పోతన సమాధి, ఆయన దున్నాడని చెప్పుకునే పొలం చూడటానికి వస్తారందరూ. నేను భాగవతం మూడో స్కంధం కూడా సంచిలో వేసుకొచ్చాను. విష్ణువు అవతారమైన కపిలుడు తన తల్లి దేవహూతికి యోగం బోధించేది అందులోనే. సమాధికి దగ్గర్లో నీడ చూసుకుని చదవబోతుంటే చిన్నాయన అడిగాడు: "యోగా అంటే జూన్ 21న బడిపిల్లలతోని చేపిస్తరు, గదేనా?"

అదీ కొంత. పతంజలి యోగసూత్రాలు 195 దాకా ఉంటే, ఆసనం మీద ఉన్నవి మూడే. స్థిరంగా, సుఖంగా కూర్చోమంటుంది మొదటిది. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది; అంతకు ముందే అహింస, సత్యం లాంటి యమాలు, శౌచం, సంతోషం లాంటి నియమాలు ఉన్నాయి. మన యోగా క్లాసులు ఆ రెండు మెట్లూ దాటేసి సరాసరి మూడో మెట్టు మీద చాప పరుస్తాయి.

కపిలుడు అలా దాటెయ్యడు. యమనియమాలు చెప్పాకే ఆసనం, ఆ తర్వాత పూరక కుంభక రేచకాలు, అంటే ఊపిరి పీల్చడం, నిలపడం, వదలడం. ధ్యానం దగ్గరికొచ్చేసరికి విష్ణురూపాన్ని ఎదుట నిలుపుతాడు. పాదాల దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అవయవం మీద మనసు నిలుపుకుంటూ, నవ్వే ముఖం దాకా వెళ్లమంటాడు. ఊపిరి కట్టడం దగ్గర మొదలైంది భక్తిగా ఎప్పుడు మారిందో తెలియదు. ఆ తర్వాత మాట మాత్రం గట్టిగా తగులుతుంది: అన్ని ప్రాణుల్లో ఉన్న తనను పట్టించుకోకుండా విగ్రహాన్నే పూజించడం బూడిదలో హోమం చేయడమేనట.

చిన్నాయన ఏమీ అనలేదు.

అక్కడి నుంచి పాలకుర్తి దగ్గరే. పాల్కురికి సోమనాథుడి ఊరు. గుట్ట మీద గుహల్లో సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు ఇద్దరూ ఉన్నారు. సోమనాథుడి బసవపురాణంలో మడివాలు మాచయ్య కథ ఉంది. శివభక్తుల బట్టలు ఉతకడమే ఆయన సేవ. ఆసనాల ఊసే లేని ఈ దారి నాకు కపిలుడి మాటకు దగ్గరగానే కనిపిస్తుంది.

మెట్లెక్కుతూ చిన్నాయన ఆగాడు. "మరి గుడి ఎందుకు బిడ్డా?"

దానికీ కపిలుడే జవాబు చెప్పాడన్నాను. తన గుండెలోనూ అన్ని ప్రాణుల్లోనూ ఉన్న దేవుడు తెలిసేదాకా విగ్రహాన్ని కొలవాలట.

"అయితే నాకింకా శానా రోజులు గావాలె గుడి" అని కొబ్బరికాయ చేతికి తీసుకున్నాడు.