ఎడమ పక్కకు వాలిన తల

మంగళవారం, రాత్రి 10 గంటలు

పొద్దున క్లినిక్కు తాళం తీస్తుండగానే గుమ్మం ముందు ఆటో వచ్చి ఆగింది. లోపల పాత దుప్పటిలో చుట్టిన ముసలి కుక్క, దాని తలను ఒళ్ళో పట్టుకుని కూర్చున్న పెద్దాయన, పక్కన పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటున్న ఆయన భార్య ఉన్నారు. కుక్క పేరు రాజు, వయసు 13 ఏళ్ళు. రాత్రి అన్నం తిని మామూలుగానే పడుకున్నదట. తెల్లవారుజామున లేవబోయి ఎడమ పక్కకు దొర్లిపోయిందట, రెండుసార్లు వాంతి చేసుకున్నదట. "పక్షవాతం వచ్చేసిందమ్మా. ఇంక దీన్ని కష్టపెట్టలేం. ఏదో ఇంజెక్షన్ ఇచ్చి సుఖంగా పంపించేయండి" అని ఆయన అంటుంటే గొంతు పూడుకుపోయింది. "ముందు నన్ను చూడనివ్వండి బాబాయిగారూ" అని మాత్రం అన్నాను.

రాజును బల్ల మీదికి ఎక్కించకుండా నేల మీదే చాప పరిపించాను. ఒళ్ళు తూలే జంతువుకు ఎత్తు మీద భయం ఎక్కువవుతుంది. తల ఎడమకు వాలి ఉంది. కనుగుడ్లు ఒక్క క్షణం నిలవకుండా ఎడమకు మెల్లగా జారి, కుడికి చటుక్కున ఎగిరివస్తున్నాయి. అయినా పిలిస్తే చెవులు రిక్కించాడు, ఆవిడ గొంతు వినగానే తోక నేలకు రెండుసార్లు కొట్టాడు. ఆ తోక కదలిక నాకు సగం ధైర్యం ఇచ్చింది. మెలకువను నిలిపే వ్యవస్థ, పెద్ద మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో ఉంటుంది. అక్కడ పెద్ద దెబ్బ తగిలిన కుక్క మగతగా, ఎవరో ఏమిటో పట్టనట్టుగా ఉండే అవకాశం ఎక్కువ.

ఆ తరువాత అసలు పరీక్ష. పొట్ట కింద చెయ్యి వేసి రాజును నిలబెట్టి, ముందు కాలి పంజాను వెనక్కి మడిచి, పైభాగం నేలకు ఆనేలా ఉంచాను. ఆరోగ్యంగా ఉన్న కుక్క అరక్షణంలో పంజాను తిరిగి సరిచేసుకుంటుంది. ఒళ్ళంతా నా చేతుల్లో తూలుతూనే, రాజు నాలుగు పంజాలనూ మడిచిన వెంటనే తిప్పుకున్నాడు. నేను ప్రతి కాలికీ మూడుసార్లు చేసి చూశాను. ఇంత చిన్న పనిలో ఎంత సమాచారం ఉన్నదో తలచుకుంటే నాకు ఇన్నేళ్ళకూ ఆశ్చర్యమే. పంజా ఎక్కడ ఉన్నదన్న కబురు వెన్నుపాము మీదుగా మెదడు కాండం గుండా ఎక్కి, ఎదుటి పక్క పెద్ద మెదడుకు చేరాలి, అక్కడి నుంచి ఆజ్ఞ తిరిగి కాలికి రావాలి. మెదడు కాండంలో ఈ కబుర్లు నడిచే దారి, ఒంటి తూకం చూసే వెస్టిబ్యులార్ కేంద్రాలకు పక్కపక్కనే ఉంటుంది. కాబట్టి దెబ్బ అక్కడే తగిలి ఉంటే తలతోపాటు పంజా కూడా సాధారణంగా తప్పుతుంది. తూకం కబుర్లు పంపే లోపలి చెవిలో తగిలితే తల వాలుతుంది, కళ్ళు ఊగుతాయి, పంజాకు మాత్రం ఏ లోటూ ఉండదు.

చెవిలో ఒటోస్కోప్ పెట్టి చూస్తే చీము, వాపు ఏమీ లేవు. రెండు కనురెప్పలూ సమంగా మూసుకుంటున్నాయి, పెదవి జారలేదు, ఎడమ కంటిపాప చిన్నదైపోలేదు. ముఖానికి వెళ్ళే నరమూ, కంటిపాపను విప్పార్చే సింపథెటిక్ నరమూ మధ్య చెవిని ఒరుసుకునే వెళతాయి కనుక, చెవిలో చీముపట్టిన కుక్కల్లో ఈ రెండూ తరచుగా దెబ్బతింటాయి. అవి బాగుండి, కారణం ఏదీ కనబడకుండా, ముసలి కుక్కకు హఠాత్తుగా ఇలా వచ్చిందంటే అది చాలావరకు వయసు మీద పడినప్పుడు వచ్చే వెస్టిబ్యులార్ జబ్బే.

పెద్దాయనకు దాన్ని విడమరచి చెప్పాను. రెండు చెవులూ మెదడుకు ఎప్పుడూ సమంగా కబుర్లు పంపుతూ ఉంటాయనీ, ఎడమది ఉన్నట్టుండి మూగబోయేసరికి కుడిదాని మాటే వినబడి, తాను కుడికి గిరగిరా తిరుగుతున్నానని రాజు మెదడు నమ్ముతున్నదనీ, వాంతులు, కళ్ళ ఊపు అందుకేననీ అన్నాను. రెండు మూడు రోజుల్లో తేరుకోవడం మొదలవుతుంది, రెండు మూడు వారాల్లో మామూలుగా నడుస్తాడు, తల కాస్త వాలినట్టు మిగిలిపోయినా మిగలవచ్చు. వాంతికి మరోపిటెంట్ ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టాను. ఆవిడ రాజు మూతి దగ్గర అరచేతిలో పెరుగన్నం పెడితే, మెడ వంకరగానే ఉంచి నాలుగు ముద్దలు తిన్నాడు. పంపించేయమన్న కుక్కను ఆ ఇద్దరూ అదే దుప్పటిలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళారు.

పంజాను మూడుసార్లు చూడడం నాకు ఒక తప్పు నేర్పిన అలవాటు. ఆరేళ్ళ క్రితం తల కుడికి వాలిన ఒక లాబ్రడార్ వస్తే, అది నిలబడలేకపోతోందని కాళ్ళ పరీక్ష వదిలేసి, కుడి చెవి అని తేల్చి రెండు వారాలు యాంటిబయాటిక్ వాడించాను. తగ్గకపోగా ముదిరింది. అప్పుడు పడుకోబెట్టే పరీక్షిస్తే ఎడమ పంజాలు రెండూ ఆలస్యంగా తిరుగుతున్నాయి. ఎమ్మారైకి పంపితే చిన్న మెదడు ఎడమ పక్కన గడ్డ బయటపడింది. చిన్న మెదడు వెస్టిబ్యులార్ కేంద్రాలను అదుపులో పెడుతుంది. ఎడమ పక్క అదుపు తప్పితే ఆ పక్క కేంద్రం జోరెక్కి, తల దెబ్బ లేని కుడి వైపుకే వాలుతుంది. అటువంటప్పుడు తలను కాదు, పంజాను నమ్మాలి. పుస్తకంలో చదివిన సంగతే అయినా ఆ కుక్క యజమానికి చెప్పవలసి వచ్చిన రోజు వరకు అది నాకు నిజంగా తెలియలేదు.

మధ్యాహ్నం జగన్నాథపురం నుంచి ఒక అమ్మాయి తన రెండేళ్ళ పిల్లిని బుట్టలో తెచ్చింది. మూడు రోజులుగా తూలుతోందట, రాత్రి ఫిట్స్ వచ్చాయట. బుట్టలోంచి ఎత్తగానే దాని మెడ ముందుకు ముడుచుకుని గడ్డం రొమ్ముకు ఆనింది. కంటిపాపలు రెండూ విప్పారి ఉన్నాయి. టార్చి వేస్తే బద్ధకంగా, రెండూ ఒకే తీరుగా ముడుచుకున్నాయి. ఆ "ఒకే తీరుగా" అన్నదే నాకు ముఖ్యం. గడ్డ గానీ రక్తనాళం మూసుకుపోవడం గానీ చాలాసార్లు ఒక పక్కనే ఎక్కువగా చెడగొడతాయి. రెండు పక్కలా సమంగా చెడితే విషమో, పోషకాల లోపమో, జీవక్రియలో తేడానో అని ముందు ఆలోచించాలి. "దీనికి ఏం పెడతారమ్మా?" అని అడిగాను. "చేపలే అండీ, పచ్చివే. నాన్న వేట నుంచి వచ్చాక మిగిలినవి. ఇంకేమీ ముట్టదు" అన్నది.

కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను, అంటే థయామిన్‌ను, విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. వండితే అది నశిస్తుంది. పిల్లికి థయామిన్ అవసరం కుక్క కంటే చాలా ఎక్కువ. అది కరువైనప్పుడు మెదడు కాండంలోని కొన్ని కేంద్రాలు, అందులోనూ వెస్టిబ్యులార్ కేంద్రాలు, రెండు పక్కలా ఒకేసారి దెబ్బతింటాయి. సుమారు 30 గ్రాముల బరువుండే ఆ మెదడులో జబ్బు తన చోట్లను అంత కచ్చితంగా ఎంచుకోవడం చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పొటాషియం తగ్గినా మెడ ఇలాగే వాలుతుంది కనుక రక్తం తీసి పంపి, దాని ఫలితం కోసం ఆగకుండా థయామిన్ ఇంజెక్షన్ ఇచ్చాను. సాయంత్రం మరొకటి ఇచ్చి రాత్రికి క్లినిక్కులోనే ఉంచుకున్నాను.

ఈ మధ్యలో ఒకాయన ఫోను చేసి, వీధికుక్కకు కింది దవడ వేలాడిపోయిందనీ, గొంతులో ఎముక ఇరుక్కున్నట్టున్నదనీ, తీయమంటారా అనీ అడిగారు. చెయ్యి పెట్టవద్దని నేను దాదాపు అరిచాను. దవడను మూసే కండరాలకు నరాలు మెదడు కాండం నుంచే వస్తాయి. టీకా చరిత్ర తెలియని కుక్కకు దవడ జారిందంటే మన దేశంలో మొదట అనుమానించవలసినది రేబిస్‌నే. లాలాజలం తగిలితే సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడుక్కుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళమని, పిల్లలను దూరంగా ఉంచి పశుసంవర్ధక శాఖవారికి కబురు చేయమని రెండుసార్లు చెప్పాను. ఎవరూ ముట్టుకోలేదని ఆయన చెప్పిన తరువాతే ఫోను పెట్టగలిగాను.

తిరుపతిలో చదివే రోజుల్లో అనాటమీ లాబులో ఫార్మాలిన్ వాసనకు కళ్ళు మండుతుండగా కుక్క మెదడును అరచేతిలో పెట్టుకుని, పన్నెండు జతల నరాలు ఎక్కడెక్కడ పుడతాయో వరుసగా బట్టీ పట్టేవాళ్ళం. పరీక్షకు మాత్రమే పనికివస్తుందని అప్పట్లో అనుకున్నాను. ఈ రోజు రాజు కనురెప్పను తాకినప్పుడు ఏడవ నరం, పిల్లి కంట్లో టార్చి వేసినప్పుడు మూడవ నరం నా వేలి కిందనే ఉన్నట్టు అనిపించింది.

ఎనిమిదింటికి పెద్దాయన ఫోను చేశారు. రాజు నీళ్ళు తాగాడట, మళ్ళీ వాంతి కాలేదట, కళ్ళు ఇంకా ఊగుతున్నాయట. మరో రెండు రోజులు ఊగుతాయని చెప్పాను. గోడ వైపు ఎడమ పక్కన తలగడలు పెట్టామని, ఈ రాత్రికి తాను కూడా రాజు పక్కనే చాప వేసుకుంటానని అన్నారు.

పడుకునే ముందు కిందికి దిగి పిల్లిని చూసి వచ్చాను. మెడ కొంచెం నిలబెట్టినట్టే ఉంది, కానీ నా ఆశ వల్ల అలా కనిపించిందేమో అని పుస్తకంలో రాయలేదు. పొద్దున ఆరింటికి మళ్ళీ టార్చి వేసి పాపలు చూడాలి.