శిబి చక్రవర్తికి పొలం ఉండేదా?

"శిబి చక్రవర్తికి పొలం ఉండేదా నాన్నా?"

ఈత క్లాసు నుంచి వస్తూ కారులో అడిగాడు మావాడు. వాడికి 12 ఏళ్ళు. ఎందుకడిగాడో నాకు తెలుసు, ముందు రాత్రే ఇద్దరం గొడవపడ్డాం. వాడి క్లాసులో ఒక రైతు కొడుకు ఉన్నాడు. శనివారం వాళ్ళ నాన్న పావురాలు కొట్టడానికి వెళ్తూ వీణ్ణి కూడా రమ్మన్నాడట. తుపాకి ముట్టుకోడు, పక్కన కూర్చుని చూస్తాడంతే. నేను కుదరదన్నాను. ఎందుకని అడిగితే, వాదనకి ఇంకేమీ దొరకనప్పుడు మా తరం వాడే మాటే వాడాను. "అది మన పద్ధతి కాదు."

ఆ పద్ధతేమిటో చెప్పడానికే శిబిని లాక్కొచ్చాను. డేగ తరుముతుంటే పావురం వచ్చి రాజు ఒళ్ళో వాలడం, దాని ఎత్తుకు ఎత్తు ఆయన తన తొడ కోసి తక్కెడలో వెయ్యడం. వాడికి ఐదేళ్ళప్పుడు చెప్పిన కథే. అప్పుడు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. ఇప్పుడేమో ఇలా.

"డేగకి ఆకలేస్తే మాంసం ఇచ్చాడు, సరే. ఆ పావురమే వచ్చి ఆయన చేను తినేస్తుంటే ఏం చేసేవాడు?"

సిగ్నల్ పడింది. పచ్చ లైటు వచ్చేదాకా సమాధానం తట్టలేదు, వచ్చాకా తట్టలేదు.

మేముండేది లింకన్‌షైర్‌లో, ఊరి చివర. మా పెరటి కంచె అవతల ఆయిల్‌సీడ్ రేప్ చేను. ఆ పేరు పిల్లల ముందు పలకడం ఇష్టంలేక మా ఇంట్లో దాన్ని ఆవ చేనంటాం. పెద్ద అబద్ధమేం కాదు, ఆవకి దగ్గరి చుట్టమే. చలికాలమంతా జానెడు ఎత్తున పచ్చగా ఉంటుంది. చుట్టుపక్కల ఇంకేమీ పచ్చగా ఉండని ఆ రోజుల్లోనే వుడ్ పిజన్లు దిగుతాయి. ఇది మన గుడి గోపురాల మీది పావురం కాదు. అంతకంటే పెద్దది, అర కిలో దాకా తూగుతుంది, మెడకి అటూ ఇటూ తెల్ల మచ్చ. వేసవిలో మా ఇంటి పొగగొట్టం మీద ఒక్కటి కూర్చుని కూస్తుంటే ముద్దొస్తుంది. ఫిబ్రవరిలో రెండు మూడు వేలు ఒక్కసారి వాలితే మాత్రం చేను బూడిద రంగుకి తిరుగుతుంది. ఆకంతా కొరికి ఈనెలు వదిలేస్తాయి. మంచు పడితే మరీ ఘోరం, మంచు పైకి తేలిన మొక్కల్నే పట్టుకుని మొదలంటా తింటాయి.

ఇవన్నీ ఆ రైతు మావాడికి చెప్పాడు, మావాడు నాకు చెప్పాడు. బ్రిటన్‌లో ఈ పావురాలు 50 లక్షల జంటలకు పైనే ఉన్నాయట. ఒకప్పుడు చలికాలంలో తిండి దొరక్క చాలా చచ్చిపోయేవి. 1970ల నుంచి ఈ పంట విస్తరించాక వాటికి చలికాలమంతా పెళ్ళి భోజనమే. అంటే రైతులే పెట్టి పోషించి, రైతులే కొడుతున్నారన్నమాట. ఈ పాయింట్ దొరకగానే సంబరపడి వాడి మీదికి వదిలాను. "మరి ఆ నూనె మనం కొంటున్నాం కదా" అన్నాడు. వంటింట్లోకి వెళ్ళి చూశాను. వెజిటబుల్ ఆయిల్ సీసా వెనక సన్నక్షరాల్లో ఉంది, రేప్‌సీడ్ అని.

చట్టం ఒప్పుకోదేమో చూద్దామనుకున్నాను. అక్కడా వాడే నాకంటే ముందున్నాడు. సరదాకి కొట్టడానికి లేదు. పంటకి తీవ్ర నష్టం ఆపడానికైతే ప్రభుత్వం జనరల్ లైసెన్స్ ఇస్తుంది. ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు, షరతులు పాటిస్తే చాలు. బెదిరించి తోలడం లాంటి ఉపాయాలు కూడా చేస్తుండాలి. 2019 ఏప్రిల్‌లో వైల్డ్ జస్టిస్ అనే వన్యప్రాణుల సంస్థ ఈ లైసెన్సులు చెల్లవని కోర్టుకి వెళ్ళబోతే, అప్పట్లో వాటినిచ్చే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ వాళ్ళు ఉన్న లైసెన్సుల్ని ఉన్నపళంగా రద్దు చేశారు. రైతులు గగ్గోలు పెట్టారు, జూన్‌కల్లా కొత్తవి వచ్చాయి. తెలుగు పద్యం నాలుగు పాదాలు పట్టుపడడానికి నెల తీసుకున్నవాడు ఇదంతా ఒక్క సాయంత్రంలో చదివేశాడు.

తోలడం మాట రాగానే నేను రెచ్చిపోయాను. అది నా సబ్జెక్టు మరి. మాది కర్నూలు వైపు పల్లె. జొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో మంచె ఎక్కి, వడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలితే చిలకలూ పిచ్చుకలూ గువ్వలూ గుంపుగా లేచేవి. ఈ కథ మావాడికి వందసార్లు చెప్పుంటాను. తెలుగు సంఘం సంక్రాంతి పండక్కి జనపనారతో వడిసెల పేని, పిల్లలందరికీ తిప్పి చూపించాను కూడా. "మన సంస్కృతి" అని మైకులో చెప్పింది నేనే. "మేం తోలేవాళ్ళం, చంపేవాళ్ళం కాదు. అదీ తేడా" అన్నాను వాడితో.

వాడేమీ అనలేదు. ఆదివారం అవ్వతో వీడియో కాల్‌లో అడిగేశాడు.

"అవ్వా, నాన్న వడిసెలతో ఎప్పుడూ పిట్టని కొట్టలేదా?"

మా అమ్మకి నవ్వాగలేదు. "ఎవురు, మీ నాయనా? గువ్వల్ని కొట్టి, చేలోనే కాల్చుకొని, ఉప్పూకారం పూసుకొని తిని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి కూచునేటోడు. మూతికి మసి కూడా తుడుచుకునేటోడు కాదు."

ఫోన్ అవతలా ఇవతలా నవ్వులే. మా ఆవిడ కోడికూర కలుపుతూ, "ఆదివారం అహింసకి సెలవేమో" అంది.

నేను కావాలని అబద్ధం చెప్పలేదు. చెప్పగా చెప్పగా కథలోంచి ఆ గువ్వ జారిపోయింది. రాళ్ళు మిగిలాయి, అరుపులు మిగిలాయి, మంచె మీది చల్లగాలి మిగిలింది. పిల్లలకి ఊరిని కడిగి, ముళ్ళు తీసి పెడుతూ వచ్చాను. వాళ్ళ దగ్గర రక్తం చూస్తే క్రూరం, నా దగ్గరిది బాల్యం. ఈ మాట వాడితో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. అనాలో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ శనివారం ఇద్దరం వెళ్ళాం. తోడుగా అన్నాను, నిజానికి కాపలాగా.

చేను గట్టున వల కట్టి గూడులా చేశారు. ముందు ప్లాస్టిక్ పావురాల్ని మేస్తున్నట్టు నిలబెట్టారు. రైతు నెమ్మదస్తుడు. గ్యాస్‌తో పేలే గొట్టం పెడితే రెండు రోజులు బెదురుతాయనీ, మూడో రోజు దాని పక్కనే మేస్తాయనీ చెప్పాడు. మధ్యలో నన్ను గుర్తుపట్టాడు. పోయిన ఏప్రిల్లో పసుపు పూలలో పట్టుబట్టలు కట్టుకుని ఫోటోలు దిగింది మీరే కదా అన్నాడు. మేమే. నా వాట్సాప్ బొమ్మ ఇప్పటికీ అదే. మేం తొక్కిన మొక్కల లెక్క ఆయన అడగలేదు.

గంటన్నరలో పదకొండు పడ్డాయి. మొదటిది పడినప్పుడు మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు, రెండోది పడ్డాక వదిలేశాడు. ఆయన ఒక పావురాన్ని తెచ్చి మెడ కింద మేత తిత్తి చీల్చి చూపించాడు. నిండా ఆకు ముక్కలు, ఇంకా పచ్చగా. వాడు వంగి చూశాడు. నేను పక్కకి చూశాను.

అప్పుడొచ్చింది పెద్ద గుంపు. అడవి వైపు నుంచి ఆకాశం కదిలొచ్చినట్టు. రైతు ఊపిరి బిగబట్టి తుపాకి ఎత్తాడు. నాకేమైందో తెలీదు, లేచి నిలబడి గొంతు చించుకుని "హో... హోయ్!" అని అరిచాను. ముప్పై ఏళ్ళ కిందటి కేక. గుంపు మొత్తం గిరుక్కున తిరిగి రోడ్డు దాటి పోయింది.

జాలితో అరిచానా, అలవాటుగా అరిచానా అని మా ఆవిడ అడిగింది. జాలి అని చెప్తే బావుంటుంది.

రైతు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవతలిదీ రేప్ చేనే. మా బావమరిదిది" అన్నాడు. మా ఊళ్ళోనూ అంతే. మేం తోలినవి పక్కవాళ్ళ జొన్నలో పడేవి, వాళ్ళు తోలినవి మా చేలో. మావాడు మొహం ఎర్రగా చేసుకుని, కారెక్కాక పగలబడి నవ్వాడు. సోమవారం క్లాసులో ఆ కేక వేసి చూపించాడట.

వచ్చేటప్పుడు రైతు నాలుగు పావురాలు సంచిలో పెట్టి ఇచ్చాడు. గుండ్లు ఉంటాయి, చూసి నమలమన్నాడు. కొట్టినవి పారెయ్యకూడదు, తినాలి అంటాడు మావాడు. తనే ముందు తినమంటే మాత్రం, అవ్వని అడిగి వండే పద్ధతి తెలుసుకున్నాక అంటాడు. నేను అమ్మకి ఫోన్ చేసినప్పుడల్లా వేరే సంగతులు మాట్లాడి పెట్టేస్తున్నాను. ఫ్రీజర్‌లో అడుగున, కరివేపాకు పొట్లం కింద, ఇంకా ఉన్నాయి.