ద్రాక్షకి చలి సముద్రంతో ఏం పని?

వైన్ ద్రాక్షకి ఎండ ఎంత కాస్తే అంత మంచిదని చాలాకాలం నేనూ అనుకున్నా. తీపి వరకైతే నిజమే, కానీ వైన్‌కి తీపి ఒక్కటే ఉంటే చప్పగా తగలడుతుంది, పులుపు కూడా మిగలాలి, చిక్కంతా అక్కడే. కాయలో మాలిక్ యాసిడ్ అని ఉంటుంది, పచ్చి ఆపిల్ కొరికితే పళ్ళు జివ్వుమంటాయి చూడండి, అదే. వేడి ఎక్కువైతే పండే కాయ దాన్ని గబగబా ఖర్చు పెట్టేసుకుంటుంది, చల్లగా ఉంటే పొదుపుగా వాడుకుంటుంది.

మ్యాప్ చూస్తే కాలిఫోర్నియాలో సోనోమా, ఇటలీలో సిసిలీ రెండూ దాదాపు 38 డిగ్రీల అక్షాంశమే. అయినా సోనోమా తీరం సిసిలీలా కాగిపోదు, అక్కడ చల్లదనం కోరే పినో నువార్ అనే ద్రాక్ష రకం పండిస్తారు. ఎందుకంటే అక్కడి సముద్రం చల్లన, ఉత్తరం నుంచి చల్లటి ప్రవాహం వస్తుంది, పైగా గాలి పైనీళ్ళని పక్కకి నెట్టేస్తే అడుగున ఉన్న చన్నీళ్ళు పైకొస్తాయి. లోపలి నేల కాగి అక్కడి గాలి పైకి లేస్తుంటే, ఆ ఖాళీలోకి సముద్రం మీది పొగమంచు కొండల సందుల్లోంచి దూరిపోతుంది. పెటలూమా గ్యాప్ అనే సందుకైతే 2017లో విడిగా వైన్ ప్రాంతంగా గుర్తింపే ఇచ్చారు, ముఖ్యంగా గాలి వల్లే! గట్టిగా వీస్తే ఆకులు తమ రంధ్రాలు మూసేసుకుంటాయి, ఇక పండడం నెమ్మదిస్తుంది, కాయలు చిన్నగా తోలు మందంగా వస్తాయి.

చిలీలో కాసాబ్లాంకా లోయదీ ఇదే కథ, అక్కడ హంబోల్ట్ అనే చల్లటి సముద్ర ప్రవాహం.

అలాగని రైతుకి ఇదేం సుఖం కాదు. పూత టైంలో చలి పడితే పిందె సరిగ్గా నిలవదు, ఒకే గుత్తిలో కొన్ని గోళీలంత, కొన్ని మిరియాలంత. వైన్ చేసేవాళ్ళు చిన్నకాయలో రుచి చిక్కగా ఉంటుందని మురుస్తారు, తూకంలో నష్టం మాత్రం రైతుదే (నాకైతే రైతు మీదే జాలి). తేమకి బూడిద తెగులు, గుత్తి కుళ్ళు ఎలాగూ ఉన్నాయి, అందుకే గుత్తుల చుట్టూ ఆకులు తుంచేస్తారు. స్పెయిన్‌లో వానలెక్కువ పడే రియాస్ బైషాస్‌లో అయితే అల్బరీన్యో అనే రకం ద్రాక్ష తీగల్ని రాతి స్తంభాల మీద పందిరి వేసి పాకిస్తారు, కింద నుంచి గాలాడాలని.

తమాషా ఏంటంటే సముద్రానికి దగ్గరైనంత మాత్రాన ఎక్కువ చల్లన అనుకోకూడదు. సోనోమా తీరంలోనే ఫోర్ట్ రాస్ వైపు తోటలు సుమారు 900 అడుగుల పైన గట్ల మీద ఉంటాయి, పొగమంచు కిందే పరుచుకుని ఉండిపోతుంది, సముద్రం పక్కనే ఉన్నా వీటికి మాత్రం పొద్దున్నుంచే ఎండ.