శనివారం, కిజాబె, కెన్యా

ఆఫ్రికా అంటే ఏడాది పొడుగునా ఎండలే అనుకుంటుంది అమ్మ. జూలైలో ఇక్కడ చలి అని ఎన్నిసార్లు చెప్పినా పొద్దున ఫోన్‌లో మళ్ళీ అదే మాట, "ఎండన పడి తిరక్కే" అని. ఏడు వేల అడుగుల పైన ఉన్నాం, పొగమంచుకి ఎదురుగా ఉన్న లాంగొనాట్ కొండే కనబడలేదు ఇవాళ.

నేను పనిచేసే రిఫ్ట్ వ్యాలీ అకాడమీ 1906లో మిషనరీల పిల్లల కోసం పెట్టిన స్కూలు. ఇక్కడి కియాంబోగో భవనానికి 1909లో పునాదిరాయి వేసింది అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్. ఈ సంగతి చెబితే మా చుట్టాలు నోరు తెరుస్తారు గానీ, పిల్లలుండే డార్మ్‌లో వాళ్ళని చూసుకునే నా పనల్లా జత తప్పిన సాక్సులు, తడి తువ్వాళ్ళు, అబద్ధపు కడుపునొప్పులు.

ఇవాళ ఒక పిల్లాడిది అలాంటి కడుపునొప్పే. జ్వరం లేదు, టీతో రెండు మందాజీలు (నూనెలో వేయించిన ఇక్కడి తీపి రొట్టెలు) తిన్నాడు, అయినా నొప్పేనంటాడు. వాళ్ళ అమ్మానాన్నలుండే ఊళ్ళో నెట్‌వర్క్ పోయి ఫోన్ కలవడం లేదని నాకు తెలుసు, కానీ ఆ ఊసు ఎత్తలేదు. వాడి ఫుట్‌బాల్ బూట్లు తెచ్చి పాత టూత్‌బ్రష్ చేతికిచ్చాను. వరండాలో కూర్చుని అడుగున మేకుల మధ్య గట్టిపడ్డ ఎర్రమట్టి గీకుతూ గీకుతూ ఉండగా వాడే అన్నాడు: "ఫోన్ కలిసినా ఏం చెప్పను ఆంటీ, అమ్మకి ఇక్కడ ఎవరి పేర్లూ తెలియవు, ప్రతిదీ మొదట్నించీ చెప్పుకురావాలి."

ఇలాంటప్పుడు "రా నాన్నా, ప్రార్థన చేసుకుందాం" అనేయడం మాకు చాలా తేలిక. ఆమెన్ అన్నాక పిల్లాడు ఇంకేం మాట్లాడతాడు? ప్రార్థన వద్దనడం లేదు, రాత్రి ఎలాగూ చేస్తాం, కానీ ముందు వాణ్ణి పూర్తిగా చెప్పనివ్వాలి కదా. గినీలో మామౌ అనే చోట ఇలాంటి మిషనరీ బోర్డింగే ఉండేది, 1971లో మూసేశారు. అక్కడ పిల్లలు పడిన హింస మీద 1990ల చివర్లో విచారణ నివేదిక వచ్చింది. మీ బాధలు ఇంటికి రాస్తే దేవుని పనికి ఆటంకం అని పిల్లల నోళ్ళు మూయించారట అక్కడ. దేవుని పేరు చెప్పి! అది చదివాక ట్రైనింగుల్లో చెప్పే తలుపు తీసి ఉంచాలి, పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదు లాంటి రూల్స్ నాకెప్పుడూ విసుగనిపించలేదు. మా నాయనమ్మ కూడా గుంటూరు మిషన్ బోర్డింగ్‌లో పెరిగిందే, ముసలితనంలో కూడా వార్డెనమ్మ గారి మాటెత్తితే చాలు నిటారుగా కూర్చునేది. భయమో గౌరవమో అడగాలని అప్పట్లో తోచలేదు.

సాయంత్రానికి ఫోన్ కలిసింది. అమ్మతో వాడు మాట్లాడిందంతా బూట్ల గురించే. తర్వాత వేడినీళ్ళ వంతు కోసం పక్క గది వాడితో పోట్లాడి ఇల్లంతా అదరగొట్టాడు, ఇద్దరికీ కలిపి గట్టిగానే పెట్టాను చివాట్లు.