ఎసిటైల్‌కోలిన్, ఎక్స్‌టర్నల్ సారు, నా ఎం.ఫార్మసీ వైవా

నిన్న మధ్యాహ్నం వైవా అయింది. పాసయ్యాను. ఒళ్ళు మండి నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మాది బొబ్బిలి. చదువు విజయనగరం దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో. ఎలుక అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) ముక్క ఏ మందుకి ముడుచుకుంటుంది, దేనికి వదులవుతుంది అన్నది నా ప్రాజెక్టు. ఎథిక్స్ కమిటీకి ఫారం బి పెట్టాం, అనుమతి వచ్చింది. అక్కడ ఏ గొడవా లేదు.

గొడవ గ్యాసుతో మొదలైంది. ముక్కని బతికించి ఉంచే ఉప్పునీళ్ళలోకి, అంటే క్రెబ్స్ ద్రావణంలోకి, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన కార్బోజెన్ వదలాలి. చేపల తొట్టి పంపుతో గాలి కొడితే సరిపోతుందని సీనియర్లు చెప్తారు, నమ్మకండి. ఆ 5 శాతం లేకపోతే పీహెచ్ 7.4 దగ్గర నిలవదు. ఇంకోటి, కాల్షియం క్లోరైడ్ ఆఖర్న, గ్యాసు బుడగలు వస్తుండగా కలపండి. ముందే పోస్తే నీళ్ళు పాలలా విరుగుతాయి. సిలిండర్ గాజువాక నుంచి ఆటో ట్రాలీలో తెప్పించాం. డిపాజిట్ నా జేబులోదే.

అయోర్టాని అడ్డంగా కోసిన రింగు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, ఉడికిన సేమ్యా ముక్కలా జారిపోతుంది. దాన్ని రెండు కొక్కేలకి తగిలించి, 37 డిగ్రీల్లో, రెండు గ్రాముల బిగువు మీద గంటకి పైగా వదిలేయాలి. తర్వాత ఫినైలెఫ్రిన్ అనే మందు వేస్తే, రింగు బిగువుని చూపే గ్రాఫులో గీత పైకి లేస్తుంది. ఆ మందు కండర కణంలో కాల్షియం పెంచుతుంది, కండరం బిగుసుకుంటుంది. దాని మీద ఎసిటైల్‌కోలిన్ (నరాలు కబురు పంపడానికి వాడే రసాయనం) వేస్తే రింగు వదులై గీత దిగాలి. మా అటెండర్ తాత పక్కనే నిలబడి "ఏటమ్మా, ఇంకా దిగనేదా?" అని అడుగుతుండగానే జర్రున దిగింది. ఆ గ్రాఫు మా బ్యాచ్‌లో ఇంకెవరికీ రాలేదు, రాసి పెట్టుకోండి.

రెండో రింగుకి లోపలి పొర, అంటే ఎండోథీలియం, కావాలనే గీకేశాను. దానికి ఎసిటైల్‌కోలిన్ వేస్తే గీత కదల్లేదు. కదలకూడదు కూడా.

వైవాలో ఎక్స్‌టర్నల్ సారు, అంటే బయట నుంచి వచ్చిన పరీక్షకుడు, సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగారు.

"ఎసిటైల్‌కోలిన్ పేగుని ముడుస్తుందా లేదా?"

"ముడుస్తుంది సార్, ఎం3 రిసెప్టర్." (కణం మీద ఎసిటైల్‌కోలిన్ అతుక్కునే చోటు అది.)

"మరి రక్తనాళంలో ఉన్నదీ ఎం3 యే కదా! వదులెలా అవుతుంది? రెండో గ్రాఫు కరెక్టు. మొదటిది యూట్యూబ్ చూసి గీశావా?"

వెనక జూనియర్లు నవ్వారు. మా గైడ్ మేడమ్ ఫైలు సర్దుకుంటూ తల ఎత్తలేదు. ఆవిడ మీద కోపం ఇంకా పోలేదు.

చెప్పడానికి నోరు తెరిస్తే "ఎస్ ఆర్ నో చెప్పమ్మా" అన్నారు. ఎస్, నో లతో తేలే సంగతి కాదది. రిసెప్టర్ ఒకటే, కానీ ఇక్కడ అది ఉన్నది లోపలి పొర కణం మీద. అక్కడ కాల్షియం పెరిగితే ఆ కణం నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేస్తుంది. ఆ వాయువు పక్కనున్న కండరంలోకి వెళ్ళి సైక్లిక్ జీఎంపీ అనే కబురు రసాయనాన్ని పెంచుతుంది. దాంతో కండరంలో కాల్షియం తగ్గి పట్టు వదులుతుంది. పొర గీకేస్తే కబురు మోసేవాడే ఉండడు.

తమాషా ఏంటంటే, సారు నమ్మిందే ఒకప్పుడు అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ కూడా నమ్మాడు. ఆయన ల్యాబులో ఏళ్ళ తరబడి కుందేలు అయోర్టా ఎసిటైల్‌కోలిన్‌కి ముడుచుకునేది, ఎందుకంటే కోసేటప్పుడే పొర రుద్దుకుపోయేది. 1980లో జవాడ్‌స్కీతో కలిసి ఆ సంగతి తేల్చాడు. 1998లో నోబెల్ వచ్చింది. మన పరీక్షకులకి ఆ వార్త ఇంకా చేరలేదు. పాత గైడు పుస్తకం చదివి పదవి ఎక్కినవాళ్ళు పిల్లల్ని దొంగలనడం మాత్రం బాగా నేర్చుకుంటారు.

చివరికి నేనే లేచి పేజీ తిప్పాను. సోడియం నైట్రోప్రసైడ్ గ్రాఫు. అది తనే నైట్రిక్ ఆక్సైడ్ ఇస్తుంది, దానికి పొరతో పని లేదు. రెండు రింగులూ వదులయ్యాయి. అంటే గీకిన రింగులో కండరం బానే ఉంది, పోయింది పొరే. పక్క పేజీలో ఎల్-నేమ్ వేసినది. పొర ఉన్నా ఆ మందు నైట్రిక్ ఆక్సైడ్ తయారీ ఆపేస్తే గీత దిగలేదు. "గుండె నొప్పికి నాలుక కింద పెట్టే మాత్ర పనిచేసేదీ ఇలా నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చే సార్" అన్నాను, గొంతు కొంచెం పెరిగింది.

ఆయన కాసేపు చూసి, "భోజనాలకి టైమయింది" అని సంతకం పెట్టి లేచారు. సారీ లేదు, సరే లేదు.

మీ వైవా ఉంటే నైట్రోప్రసైడ్ గ్రాఫు మొదటి పేజీలోనే పెట్టండి. రంగుల ప్రింటు తీయించండి, నలుపులో రెండు గీతలూ కలిసిపోతాయి. గైడ్ మాట్లాడతారని ఆశ పెట్టుకోకండి. సిలిండర్‌కి రసీదు తప్పకుండా తీసుకోండి. ఖాళీది తిరిగిచ్చినా నా డిపాజిట్ ఇంకా రాలేదు, ఆ ఏజెన్సీవాడు ఫోనెత్తడం లేదు.