'రన్' అనే మాటతో నా తంటాలు

నేను మొదటిసారి అనువాదానికి ఒప్పుకున్నది ఒక వాషింగ్ మెషిన్ మాన్యువల్. 24 పేజీలు. కథా కాదు, కవిత్వమూ కాదు, రెండు రోజుల్లో తేలిపోతుందనుకున్నాను. పంపిన మర్నాడే తిరిగొచ్చింది. ఒక వాక్యం కింద ఎర్ర గీత: 'ముదురు రంగులు మొదటి ఉతుకులో పరుగెత్తవచ్చు.' పక్కనే ఎడిటర్ గారి ప్రశ్న: 'ఎక్కడికండీ?'

సిగ్గేసింది. వెతికితే 'రన్' 31 చోట్ల దొరికింది. అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. బట్టలు వేయకుండా ఒకసారి మెషిన్ రన్ చేయండి. కుళాయి కాసేపు రన్ అవనివ్వండి. డిటర్జెంట్ రన్ అవుట్ అయితే... అన్నిచోట్లా ఒకే తెలుగు మాట ఉండాలని పట్టుబట్టి కూర్చున్నాను. అసలు తప్పు అక్కడే.

డిక్షనరీ తెరిస్తే టెన్షన్ ఇంకా పెరిగింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ వాళ్లు 'రన్' క్రియ ఒక్కదానికే 645 అర్థాలు తేల్చారు. ఆ పని చేసిన పీటర్ గిలివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది. 1989 నాటి ముద్రణలో 430 అర్థాలతో 'సెట్' ముందుండేది, తర్వాత 'రన్' దాన్ని దాటేసింది. నాకున్నది మూడు రోజులు.

దారి చూపింది ఆ అర్థాల వరస కాదు, మాట పుట్టుక గురించిన రెండు లైన్లు. పాత ఇంగ్లిష్‌లో 'రిన్నన్' అంటే పరుగెత్తడమే కాదు, ప్రవహించడం కూడా. జర్మన్‌లో 'రిన్నెన్' అంటే ఇప్పటికీ కారడమే. అంటే కుళాయి, రంగు, జలుబు చేసిన ముక్కు ఆ మాటకు మొదటినుంచీ దగ్గర చుట్టాలే.

అప్పటినుంచి 'రన్' అంటే ఏమిటని అడగడం మానేసి, రన్ అయ్యేది ఏమిటని చూడసాగాను. తెలుగులో ఏ వస్తువు క్రియను ఆ వస్తువే వెంట తెచ్చుకుంటుంది. రంగు దిగుతుంది, ముక్కు కారుతుంది, బస్సు నడుస్తుంది, సినిమా ఆడుతుంది. ఎన్నికల్లో అమెరికావాడు పరుగెత్తితే మనవాడు నిలబడతాడు (ఇంగ్లండువాడూ నిలబడేవాడే). డిటర్జెంట్ నిండుకుంటుంది. ఖాళీ అయిపోవడాన్ని నిండుకోవడం అనే భాష మాట్లాడుతూ, ఇంగ్లిష్‌కు తిక్క అని ఎలా అనను?

రెండోసారి పంపేముందు 'పరుగు' కనిపించిన ప్రతిచోటా కొట్టేశాను. ఈసారి ఒకే ఒక్క ఎర్ర గీతతో తిరిగొచ్చింది. జాగ్రత్తల పేజీలో, నేల తడిగా ఉన్నప్పుడు మెషిన్ దగ్గర పిల్లల్ని రన్ చేయనివ్వొద్దని ఉంటే, నేను 'తిరగనివ్వకండి' అని రాశాను. ఎడిటర్ గారు దాన్ని కొట్టేసి 'పరుగెత్తనివ్వకండి' అని దిద్దారు.