పాప బూటీలకు నూలు దొరికిన కథ

మా చెల్లెలి పాపకు ఏడో నెలలో, డిసెంబరులో, తిరుమలలో పుట్టు వెంట్రుకలు తీయిద్దామనుకున్నారు. తెల్లవారుజామున కొండ మీద చలి కదా, పాదాలకు తొడిగే బూటీలు నేనే అల్లుతానన్నాను.

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక అంగడికి వెళ్ళి, "చిన్నపిల్లలకి ఊలు కావాలన్నా" అని అడిగాను. నురగలా మెత్తగా ఉన్న గులాబీ ఉండ ఇచ్చారు. రెండు సాయంత్రాల్లో జత పూర్తి చేశాను. పాపకు తొడిగితే పావుగంటకే పాదాలు చెమటతో తడిశాయి. అంతకంటే భయమేసింది ఇంకోటి చూసి: కాలు నోట్లో పెట్టుకోగానే పెదవులకు నూగు అంటుకుంది. వెంటనే తీసేశాను.

మన దగ్గర అల్లే దారం ఏదైనా ఊలనే అంటారు. అందులో చాలావరకు యాక్రిలిక్ అనే కృత్రిమ దారం, అది చెమట పీల్చదు. ఈసారి లేబుల్ లేని నాలుగైదు రకాల ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. సింకు దగ్గర నిలబడి, ఒక్కో ముక్కను పట్టకారుతో పట్టి నిప్పంటించాను. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగిలింది. గొర్రె ఊలుకి జుట్టు కాలిన కంపు. నూలుకి మాత్రం కాగితం కాలిన వాసన, నలిపితే పొడయ్యే బూడిద. అదే తీసుకున్నాను.

ఎర్రది చాలా నచ్చింది కానీ, తడిపి తెల్లగుడ్డలో నొక్కితే రంగు దిగింది. పాప నోట్లోకి పోయే వస్తువు, అందుకని మీగడ రంగుతో సరిపెట్టుకున్నాను. నూలు ఉతికితే కుదించుకుపోతుందేమోనని ముందు అరచేయంత ముక్క అల్లి, ఉతికి, కొలిచాకే మొదలుపెట్టాను. వేళ్ళు కన్నాల్లో ఇరుక్కోకుండా 3 ఎం.ఎం. హుక్‌తో బిగువుగా అల్లాను. నూలు ఊలులా సాగదు, మడమ దగ్గర జారుతుంది. అందుకే చీలమండ పట్టీకి మాత్రం కొంచెం సాగే మిల్క్ కాటన్ అనే మిశ్రమ దారం వాడాను. పూసలూ గుండీలూ పెట్టలేదు. అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది దారం కొసలు దాచడానికి. లోపల వదులు పోగు ఉంటే బిడ్డ వేలికి చుట్టుకుని రక్తం ఆగిపోవచ్చు. లోపలి వైపు తిప్పి, ప్రతి కొసనూ సూదితో కుట్ల కింద దూర్చాను.

కొండ మీద గుండు చేయించి గంధం పూశాక, బూటీలోకి వేలు పెట్టి చూశాను. పాదం వెచ్చగా, పొడిగా ఉంది. దర్శనానికి వెళ్ళే ముందు మా అమ్మ వాటిని విప్పి కొంగున ముడేసుకుంది.